కోసిన కాడ, నేలలో మిగిలిన వేరు: రాయలసీమ మెట్టలో ఒక పుట్టగొడుగుల కేసు

ముప్పై ఏళ్లకు పైగా పుట్టగొడుగులు ఏరుతున్న ఒక మహిళ ఇంట్లో, ఆమె స్వయంగా బాగుచేసి వండిన కూర తిని, ఒకే రాత్రి అయిదుగురు ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణాపాయం జరగలేదు. అయినా ఈ కేసును వివరంగా రాసి ఉంచడానికి కారణముంది. తెలియనివారు అడవిలో దొరికినదల్లా తిని జబ్బుపడడం కొత్త విషయం కాదు. ఇక్కడ మోసపోయినది ఆ చుట్టుపక్కల ఊళ్లలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి. ఆమెకు తెలిసినదానిలో లోపం కూడా లేదని నాకు తరువాత అర్థమైంది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. వయసులను, బంధుత్వాలను వైద్యపరమైన తర్కం చెడకుండా కొద్దిగా మార్చాను.

నేపథ్యం

నా చదువు మొక్కల తెగుళ్ల శాస్త్రం. ఉద్యోగం పాఠాలు చెప్పడమే అయినా, పన్నెండేళ్లుగా వానాకాలంలో నాలుగైదు ఊళ్ల సేకరణదారులతో కలిసి తిరుగుతున్నాను. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమల వానచాటున ఉన్న నేల. ఎర్ర గరప, వేరుశనగ చేలు, రాళ్లగుట్టలు, బీళ్లు. ఇంత ఎండునేలలో పుట్టగొడుగులేమిటని బయటివారు అడుగుతుంటారు. తడి అడవుల్లో లాగా కుళ్లిన ఆకుల మీద, మానుల మీద మొలిచే రకాలు ఇక్కడ తక్కువే. ఇక్కడి పంటకు ఆధారం చెదలు. చెదపురుగులు ఎండుగడ్డిని, పుల్లలను నమిలి, నేల లోపల తేనెతుట్టె వంటి గూళ్లు కట్టి, వాటి మీద ఒక బూజును పెంచుకుంటాయి. ఈ సేద్యం సుమారు 3 కోట్ల ఏళ్లుగా సాగుతోందని శాస్త్రజ్ఞుల అంచనా. పైన నేల పగుళ్లిచ్చినా లోపలి గూటిలో తేమ, వేడి పెద్దగా మారవు. మంచి వాన పడి నేల మెత్తబడగానే ఆ బూజు గూటి నుంచి ఒక కాడను పైకి పంపుతుంది. అది నేలను చీల్చుకుని వచ్చి గొడుగు విప్పుతుంది. ఈ జాతికి టెర్మిటోమైసెస్ అన్న పేరును 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే ఎమ్ పెట్టాడు; మనవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే పుట్టకూ గొడుగుకూ ముడిపెట్టి ఒకే మాట చేసేశారు. బటన్ రకాన్నో, పాల పుట్టగొడుగునో, ముత్యపు చిప్ప పుట్టగొడుగునో షెడ్డులో పెంచినట్టు దీన్ని పెంచి అమ్మడం సాధ్యపడలేదు. అందువల్ల సంతలో కనిపించే ప్రతి పుట్టగొడుగూ ఎవరో ఒకరు తెల్లవారుజామున వంగి ఏరినదే.

ఏరడానికి దొరికే సమయం తక్కువ. ఉరుములతో వాన పడిన మూడు నాలుగు రోజులకు మొలకలు వస్తాయి. ఎండెక్కితే గొడుగు విచ్చి, మెత్తబడి, మధ్యాహ్నానికి పురుగు పడుతుంది. అందుకే టార్చిలైటు పట్టుకుని నాలుగున్నరకే బయలుదేరుతారు. ఏ గట్టు పక్కన, ఏ చింతచెట్టు కింద ఏటా లేస్తాయో వారికి గుర్తే. గూడు బతికి ఉన్నంతకాలం అదే చోట మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ చోట్లను కోడళ్లకు చూపించినట్టు పక్కింటివారికి చూపించరు.

తిండితో పాటు మందు అన్న నమ్మకం కూడా ఉంది. జ్వరం వచ్చి లేచినవారికి, నీరసపడిన ముసలివారికి పుట్టగొడుగుల పులుసు బలమని పెడతారు. మాంసకృత్తులు తగుమాత్రం ఉన్న మాట నిజమే కనుక నేను ఆ నమ్మకానికి అడ్డు చెప్పను. అయితే ఈ కేసులో ఎవరికి ఎక్కువ వడ్డించారన్నది ఆ నమ్మకమే నిర్ణయించింది.

ఈ కేసులోని మహిళను అమ్మ అనే రాస్తాను; నేను ఆమెను పిలిచేదీ అలాగే. వయసు అరవై దాటింది. నాలుగేళ్లుగా పట్నం నుంచి ఒక వ్యాపారి పొద్దున్నే మనిషిని పంపి కొనిపిస్తున్నాడు. అతనికి మట్టి లేని శుభ్రమైన సరుకు కావాలి. విచ్చిన గొడుగు కన్నా మొగ్గకు ఎక్కువ ధర ఇస్తాడు. ఈ రెండు షరతులు చిన్నవిగానే కనిపించాయి. నేనూ వాటి గురించి ఆలోచించలేదు.

ఆ రాత్రి

ఆగస్టు నెల, శుక్రవారం. నాలుగు రోజుల ముందు రెండు పెద్ద వానలు పడ్డాయి. రాత్రి పన్నెండున్నరకు తాలూకా ఆసుపత్రి నుంచి డ్యూటీ డాక్టరు ఫోన్ చేశారు. అమ్మ, ఆమె అత్త, పెద్దకొడుకు, పెద్దకోడలు, తొమ్మిదేళ్ల మనవడు వాంతులు, విరేచనాలతో వచ్చారు. ఎనిమిదిన్నరకు అన్నం తిన్నారు. పది గంటలకు పిల్లవాడితో మొదలైంది. ఇంట్లో మజ్జిగ తాగించారు, నిలవలేదు. ఎనభై దాటిన అవ్వకు నాలుక పిడచకట్టి, నాడి బలహీనంగా ఉంది. ఆమెకు పది రోజుల కిందట జ్వరం వచ్చి తగ్గింది. బలానికని ఆమె కంచంలో రెండు గరిటెలు ఎక్కువ పడ్డాయి.

"ఏ పుట్టగొడుగో చెప్పగలరా?" అన్నది డాక్టరు ప్రశ్న. కూరగా మారిన ముక్కను ఫోన్లో చూసి జాతి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. అలా చెప్పబోవడం ప్రమాదం కూడా. ముందుగా అడగవలసినది గడియారాన్ని. తిన్న ఒకటి నుంచి మూడు గంటల లోపు వాంతులు మొదలైతే సాధారణంగా అది పేగులను రేపే రకం. ఒళ్లు గుల్లచేస్తుంది కానీ, పోయిన నీటిని ఎప్పటికప్పుడు తిరిగి ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. ఆరు గంటలు దాటాక, సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు గంటలకు మొదలైతే భయపడాలి. కాలేయాన్ని చంపే అమాటాక్సిన్ అలా ఆలస్యంగానే పనిచేస్తుంది. ఉడికించినా అది చావదు. రెండో రోజు రోగి తేరుకున్నట్టు కనిపించి మూడో రోజు కుప్పకూలుతాడు.

ఎనిమిదిన్నరకు తిండి, పదికి వాంతి అంటే గంటన్నర. ఊపిరి పీల్చుకోవచ్చు అనిపించింది. కానీ డాక్టరు మరోసారి అడిగితే పెద్దకోడలు ఇంకో మాట చెప్పింది: మధ్యాహ్నం పన్నెండింటికీ పుట్టగొడుగుల కూరే. అప్పుడు లెక్క తిరగబడుతుంది. కారణం మధ్యాహ్నపు కూర అయితే పది గంటల తరువాత మొదలైన వాంతులవి. సరిగ్గా భయపడవలసిన వేళ.

ఏ పూట కూరన్నది తేల్చడానికి, ఎవరు ఏ పూట తిన్నారో రాసుకున్నాం. మనవడు మధ్యాహ్నం బడిలో భోజనం చేశాడు, రాత్రి మాత్రమే ఈ కూర తిన్నాడు. అందరికన్నా ముందు పడిపోయింది వాడే. చిన్నకోడలు మధ్యాహ్నం ఇంట్లో తిని, సాయంత్రం బస్సుకు పుట్టింటికి వెళ్లింది. అర్ధరాత్రి దాటాక ఆమెను ఫోన్ చేసి నిద్ర లేపితే, తనకేమీ కాలేదని చెప్పింది. ఈ ఇద్దరి సాక్ష్యంతో మధ్యాహ్నపు కూర మీది అనుమానం చాలావరకు తొలగింది.

పూర్తిగా నిశ్చింత పడవచ్చా అంటే, పడకూడదనే చెప్పాను. తొందరగా వచ్చిన వాంతి, పేగులను రేపేది ఒకటి కూరలో ఉందని మాత్రమే చెబుతుంది. దానితో పాటు రెండోది లేదని చెప్పదు. ఏరిన బుట్టలో రెండు రకాలు కలిసినప్పుడు మూడోది కలవలేదని హామీ ఎవరిస్తారు? అమాటాక్సిన్‌కు పేరుమోసిన అమానిటా రకాలు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికేవి, ఇక్కడి బీళ్లకు అవి సరిపడవు. ఆ మాట నిజమే. కానీ లెపియోటా జాతిలో కొన్ని చిన్న గొడుగులకు చెట్టుతో పని లేదు, వాటిలోనూ అదే విషం ఉంటుంది. అందువల్ల సెలైన్‌తో పాటు చేరినప్పుడు, 24 గంటలకు, 48 గంటలకు కాలేయ పరీక్షలు చేయాలనీ, వాంతులు ఆగినా 48 గంటల వరకు పంపవద్దనీ డాక్టరూ నేనూ ఒక మాట మీదకు వచ్చాం.

ఆ రాత్రి తీసుకున్న ఇంకో నిర్ణయం అన్నిటికన్నా ముఖ్యమైనదని ఇప్పటికీ అనుకుంటాను. అమ్మ మాటల మధ్యలో, పొద్దున అమ్మడానికి నాలుగు కిలోల సరుకు బుట్టలో తడిగుడ్డ కప్పి ఉంచానని చెప్పింది. అయిదున్నరకు వ్యాపారి మనిషి వస్తాడు, ఏడుకు ఆ సరుకు పట్నంలో ముప్పై నలభై ఇళ్లకు చేరుతుంది. పక్కింటి అబ్బాయిని నిద్ర లేపి, బుట్టను అటక మీద పెట్టించి, ఎవరు అడిగినా ఇవ్వవద్దనీ, అలాగని పారేయవద్దనీ చెప్పాను. రెండో మాట అతనికి వింతగా అనిపించింది. మనుషులకు ఇంత చేసినదాన్ని ఇంట్లో ఎందుకు ఉంచడం? ఆ ఇంటివారు అప్పటికే మిగిలిన కూరను దిబ్బలో పోసి బూడిద కప్పేశారు. ఇప్పుడు ఆ బుట్ట ఒక్కటే ఆధారం.

బుట్టలో ఉన్నది

తెల్లవారి ఆరున్నరకు వెళ్లి గోనెపట్టా మీద బుట్ట కుమ్మరించాను. సుమారు నూట ముప్పై ముక్కలు. ఎక్కువ భాగం మూసుకున్న మొగ్గలు, బొటనవేలంత కాడలు, తెల్లగా, కడిగి తుడిచి. చూడముచ్చటగా ఉన్నాయి. ప్రతి కాడా నేలమట్టానికి కొడవలితో నున్నగా కోసి ఉంది.

గుర్తుపట్టడానికి పనికొచ్చేంత విచ్చినవి ఆరే దొరికాయి. మనవడి బలపం పలక మీద సగం తెల్లకాగితం పరిచి, ఒక్కో గొడుగును సగం కాగితం మీద, సగం నల్లపలక మీద వచ్చేలా బోర్లించి, గాలి తగలకుండా గ్లాసులు మూసిపెట్టాను. గొడుగు కింది రేకుల నుంచి సిద్ధబీజాలు రాలి రంగు ముద్ర పడుతుంది. అయిదు గంటల తరువాత గ్లాసులు ఎత్తితే నాలుగింటి కింద లేత గులాబి, పాలలో చిటికెడు కుంకుమ కలిపిన రంగు. రెండింటి కింద కాగితం మీద మాసిన ఆకుపచ్చ పొడి. నల్లపలక మీద అది బూడిదలాగే కనిపించింది, తెల్లకాగితం లేకపోతే పోల్చలేకపోయేవాణ్ణి. ఆకుపచ్చ ముద్ర వేసే పెద్ద గొడుగు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటెస్. ఉష్ణదేశాలలో పుట్టగొడుగు వాంతులకు తరచుగా కనిపించే కారణం అది. మనవాళ్లు కుక్కగొడుగు అని పక్కన పెట్టేవాటిలో ఇదీ ఒకటి.

మిగిలిన మొగ్గలను నిలువునా చీల్చి చూశాను. కొన్నింటి మీద అనుమానం కలిగింది, కానీ తొంభైకి పైగా ముక్కలను ఇటో అటో గట్టిగా చెప్పలేకపోయాను. ఈ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కుక్కగొడుగు రేకులు మొగ్గలో తెల్లగానే ఉంటాయి, పచ్చదనం బీజాలు ముదిరాకే వస్తుంది. గోధుమరంగు పొలుసులు తుడిస్తే పోతాయి. అన్నిటినీ గుంట తీసి పూడ్చాం. ఆ పూట రాబడి పోయినందుకు అమ్మ భర్త నాతో మాట్లాడలేదు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

పెద్దకొడుకు మరుసటి సాయంత్రానికి తేరుకుని, వద్దన్నా వినకుండా ఇంటికి వచ్చేశాడు. మేకలకు మేత లేదన్నాడు. పరీక్షలకు మళ్లీ వెళ్లేలా మాట తీసుకుని, అతను కోసుకొచ్చిన చోటు చూపించమన్నాను. చెరువు కట్ట దిగువన వేసవిలో గొర్రెల మంద పెట్టిన బీడు. ఎరువు పడి గడ్డి ఏపుగా ఉంది. అక్కడ కోయకుండా మిగిలినవి జానెడు వెడల్పున విచ్చి నిలబడి ఉన్నాయి. నడినెత్తిన గోధుమరంగు పెచ్చు, కాడ మీద గాజులా పైకీ కిందికీ జారే ఉంగరం. గునపంతో పక్కన పొడిచి ఎత్తితే, ఉబ్బిన చిన్న గడ్డతో కాడ అక్కడే ముగిసిపోయింది. రెండు వందల అడుగుల అవతల అమ్మ రోజూ ఏరే గట్టు దగ్గర ఇంకొకటి తవ్వాను. నేలమట్టం దగ్గర కొద్దిగా లావెక్కిన కాడ ఆ కింద సన్నబడి, ముదురు రంగు తిరిగి, తాడులా నేలలోకి దిగుతూనే ఉంది. మూరెడు తవ్వినా గూడు రాలేదు, ఆపేశాను.

మూడో రోజు అందరూ ఇల్లు చేరారు. కాలేయ పరీక్షలు అయిదుగురికీ మామూలుగానే వచ్చాయి. నీరు పోయినందువల్ల అవ్వకు మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ పెరిగి, సెలైన్‌తో దిగింది. నేను తెచ్చిన రెండు గొడుగులనూ వేళ్లతో సహా అమ్మ ముందు పెట్టాను. ఆమె గొడుగుల వైపు చూడనే లేదు. గడ్డను గోటితో గీకి, "ఇది నాకు తెలీదా సార్? వేరుతో తెచ్చింటే పొయ్యి కాడికి రానిచ్చేదాన్నా?" అంది.

ఎందుకు జరిగింది

ఆ మాట దగ్గర నా ఆలోచన తిరిగింది. అప్పటిదాకా నేను దీన్ని చీకట్లో, తొందరలో జరిగిన పొరపాటు అనుకుంటున్నాను. పెద్దకొడుకు పొలం నుంచి వస్తూ తువ్వాలులో మూటగట్టి తెచ్చినవాటిని, ఆమె పొద్దున ఏరినవి ఉన్న బేసినులోనే పోశారు, కరెంటు లేదు, బుడ్డిదీపం వెలుగులో బాగుచేసింది. ఇవన్నీ నిజమే. కానీ ముప్పై ఏళ్లలో కరెంటు లేని రాత్రులు ఎన్నో వచ్చాయి, కొడుకులు కొత్త చోట్ల నుంచి తెచ్చిన రోజులూ ఎన్నో. అప్పుడెందుకు జరగలేదు?

పాత పద్ధతి గురించి అడుగుతూ పోతే జవాబు దొరికింది. మునుపు పుట్టగొడుగును కాడ మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగేవారు. జానెడో బెత్తెడో వేరు మట్టితో వచ్చేది. ఇంటికొచ్చాక కత్తిపీట ముందు కూర్చుని ఒక్కొక్క వేరు కోసి పారేసేవారు. ఆ పనికి ఆమె దృష్టిలో మట్టి పోగొట్టడం అనే పేరు తప్ప ఇంకో పేరు లేదు. నిజానికి ప్రతి గొడుగుకూ పరీక్ష జరుగుతున్నది అక్కడే. వేరు లేనిది చేతికి రాగానే తేడా తెలిసిపోయేది, పక్కకు పడేది. నాలుగేళ్ల కిందట మట్టి లేని సరుకు కావాలన్నప్పుడు, చేలోనే కొడవలితో కోయడం మొదలైంది. పని తేలికైంది, ధర పెరిగింది. పరీక్ష మాత్రం నేలలోనే ఉండిపోయింది. దానికి తోడు మొగ్గకు ఎక్కువ ధర రావడంతో, గొడుగు మీది గుర్తులు ఇంకా రాని వయసులోనే ఏరడం అలవాటైంది. రెండు ఆనవాళ్లూ ఒకేసారి పోయాయి.

నా వంతు తప్పు కూడా రాయాలి. ఈ సంఘటనకు రెండేళ్ల ముందు ఆ ఊళ్లో నేనే ఒక పోస్టరు పంచాను. విషపు గొడుగుల గుర్తులు: కాడ మీద ఉంగరం, టోపీ మీద పొలుసులు, పచ్చబడే రేకులు. అన్నీ పూర్తిగా విచ్చిన గొడుగుల ఫొటోలు. మొగ్గలు ఏరేవారికి అది ఏ మాత్రం పనికిరాదు. పైగా చెదల పుట్టగొడుగుల్లోనూ కొన్ని రకాల కాడ మీద ఉంగరం వంటి అంచు ఉంటుంది. అవి తిన్నవారికి నా పోస్టరు అబద్ధాలకోరులా కనిపించి ఉంటుంది.

ఇంటి పరీక్షలు కూడా ఆ రాత్రి జరిగాయి. కూరలో పాత వెండి రూపాయి వేసింది, నల్లబడలేదు. వెల్లుల్లి వేసింది, రంగు మారలేదు. పసుపూ మారలేదు. వెండి నల్లబడడానికి గంధకం కావాలి, పుట్టగొడుగు విషాలతో దానికి సంబంధం లేదు. పురుగు తిన్నది మంచిదన్న మాట కూడా నిలవదు. మనకు విషమైనది పురుగుకు విషం కానక్కరలేదు. ఈ పరీక్షలను ఇదివరకు నేను నవ్వి వదిలేసేవాణ్ణి. ఇప్పుడు వదలడం లేదు, ఎందుకంటే అవి చేటు చేస్తాయి: కంచంలో పెట్టేముందు కలిగిన చివరి సందేహాన్ని అవే తీర్చేస్తాయి.

చేసి చూసి విడిచిపెట్టినవి

మొదట నేను పెట్టిన నియమం చాలా సులువైనది: పుట్ట మీద, పుట్ట పక్కన లేచినవి మాత్రమే ఏరండి. మన మాటలోనే పుట్ట ఉండడంతో నాకు అది బలమైన నియమంగా తోచింది. పేరు చూసి మోసపోయాను. సమావేశంలో పదకొండు మంది ఆడవాళ్లూ నవ్వారు. "పుట్టే ఉండాలని యాడుంది సార్, చదును చేన్లో లేసేటివే గదా రుచి" అన్నారు. వారిదే నిజం. చెదల గూళ్లు చాలావరకు పైకి కనిపించకుండా నేల లోపలే ఉంటాయి. ఇంకో వైపు, పుట్ట మీద లేచినదల్లా ఇదే కాదు. ఎండుప్రాంతపు పుట్టల మీద పొడాక్సిస్ అనే పొడవాటి కోల వంటి బూజు లేస్తుంది. రాజస్థాన్ థార్ ఎడారిలో దాన్ని లేతగా ఉన్నప్పుడు తింటారు, ముదిరితే లోపలంతా నల్లటి పొడి. పుట్ట అంచున ఎరువు, గడ్డి ఉంటే కుక్కగొడుగుకూ అడ్డు లేదు. నా నియమం మంచి సరుకును వదిలించి, చెడ్డదాన్ని ఆపలేకపోయింది. నెలలోపే ఎవరూ పాటించడం లేదని తెలిసింది.

తరువాత ఫొటోలు. ఏరగానే వాట్సాప్‌లో పంపితే చూసి చెబుతానన్నాను. తెల్లవారుజాము చీకటి, సిగ్నల్ లేని గుట్ట, పైనుంచి తీసిన తెల్లటి గుండ్రాలు. నేను చూసేసరికి సరుకు బస్సెక్కేది. ఒక కుర్రవాడు గుర్తుపట్టే యాప్ దింపుకున్నాడు. అది ఒకే మొగ్గకు మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది, మూడుసార్లూ ఏ తడబాటూ లేకుండా. దాన్ని తీసేయించాను.

సిద్ధబీజాల ముద్ర నమ్మదగినదే. కానీ అయిదారు గంటలు పడుతుంది, విచ్చిన గొడుగు కావాలి. ఏడింటికి అమ్ముడుపోవలసిన మొగ్గకు అది కుదరదు. కొత్త చోటు దొరికినప్పుడు మొదటిసారి చేయడానికి మాత్రం దాన్ని ఉంచుకున్నాం; అమ్మ మనవడికి అది ఆటలాంటిది, పలక వాడిదే.

నిలబడినది

చివరకు చేసినది కొత్త విషయం నేర్పడం కాదు, పోయిన పనిని తిరిగి దాని చోట పెట్టడం. కాడను కోయకూడదు, పక్కన చిన్న గునపంతో నాలుగు వేళ్ల లోతు వదులు చేసి, లాగాలి. వేరు మొత్తం రానక్కరలేదు. నాలుగు వేళ్ల లోతున కాడ సన్నబడి ఇంకా కిందికి పోతోందా, లేక గడ్డకట్టి ముగిసిందా అన్నది తెలిస్తే చాలు. గూడు దాకా తవ్వితే వచ్చే ఏడు పంట పోతుందన్న భయం వారికి ఉంది, నాకూ ఉంది. అందుకే లోతుకు వేళ్ల లెక్క పెట్టాం. గడ్డ ఉన్నది అక్కడికక్కడే పక్కకు. ఈ ఒక్క చూపుతో కుక్కగొడుగే కాక, అడుగున సంచి వంటి పొర ఉండే అమానిటా రకాలు కూడా దొరికిపోతాయి, ఎందుకంటే ఆ సంచి ఉండేది కూడా నేల కిందే.

వేరు ఒక్కటే చాలదని వారికి చెప్పాను. నేలలో పూడుకుపోయిన మొద్దుల మీద నుంచి వేరు దించే రకాలు వేరే ఉన్నాయి. అందువల్ల గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉందా, అదే గుంపులో విచ్చిన గొడుగు ఒకటైనా ఉండి దాని రేకులు తెలుపు నుంచి గులాబికి తిరుగుతున్నాయా అన్నవి కూడా చూస్తారు. విచ్చినది ఒక్కటీ లేని గుంపు నుంచి మొగ్గలు ఏరరు. ఈ చివరి షరతుకు నెల రోజుల బేరం నడిచింది, మొగ్గలకే ధర కనుక.

వేళ్లతో ఇంటికి తెచ్చి, ఏ చోటివి ఆ గుడ్డలోనే ఉంచి, ఒకే మనిషి వరసగా కోయాలి. ఆ మనిషి అమ్మే. కోసిన తరువాత సరుకు శుభ్రంగానే ఉంటుంది కాబట్టి వ్యాపారికి తేడా లేదు. వారికి మాత్రం ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అందుకని ఇరవై నిమిషాలు ముందు లేస్తున్నారు. అది వారి కష్టమే, ధరలో ఎవరూ కలపలేదు. ఇంటి వంటకు వేరే నియమం: పొయ్యి మీద పెట్టేముందు ఒక పచ్చి పుట్టగొడుగును వేరుతో సహా కాగితంలో చుట్టి పక్కన ఉంచాలి, మరునాటి దాకా పారేయకూడదు. ప్లాస్టిక్ కవరులో పెడితే రాత్రికే కుళ్లి జావ అవుతుంది.

ఇలా రెండు వానాకాలాలు గడిచాయి. మొదటి ఏడాది సెప్టెంబరులో ఒక ఉదయం, వేరే ఊరి చుట్టం తెచ్చిన గుడ్డలో మూడు గడ్డలవి బయటపడ్డాయి. గుడ్డ మొత్తం పూడ్చేశారు. ఆ విషయం నాకు పది రోజుల తరువాత, వేరే మాటల్లో భాగంగా తెలిసింది.

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి

అనుభవజ్ఞులు పొరబడినప్పుడు వారికి ఏం తెలియదో వెతకడం మానేశాను. ఇటీవల వారి పనిలో ఏ మెట్టు తగ్గింది, ఎందుకు తగ్గింది అని ముందు అడుగుతున్నాను. కోయడం, కడగడం, ఎండబెట్టడం, మూటకట్టడం వంటి పనులను పక్కన కూర్చుని చూడనిదే ఇది తెలియదు. అమ్మ కూడా నోటితో చెప్పలేకపోయింది, వేరు చేతికిచ్చాకే చెప్పింది.

వైద్యుల నుంచి ఫోన్ వస్తే పేరు చెప్పే ప్రయత్నం చేయకుండా మూడు ప్రశ్నలు అడుగుతున్నాను: ఎవరు ఏ పూట తిన్నారు, తిన్నా జబ్బుపడనివారు ఎవరు, పచ్చిది ఎక్కడైనా మిగిలిందా. రెండో ప్రశ్నను అందరూ మరిచిపోతారు. ఈ కేసులో ఊళ్లోనే లేని చిన్నకోడలే పెద్ద ఆధారమైంది. ముసలివారికి, జ్వరం నుంచి లేచినవారికి మందు పేరుతో కొత్త చోటి పుట్టగొడుగులు పెట్టవద్దని ప్రతి సమావేశంలో చెబుతున్నాను. తట్టుకునే శక్తి తక్కువ ఉన్నవారికే ఎక్కువ వడ్డించే ఆచారం అది.

తేలని సంగతి ఒకటి ఉంది. చెదల పుట్టగొడుగుల్లోనే చాలా చిన్న రకం ఒకటి, రూపాయి బిళ్లంత గొడుగులతో, వందలుగా ఒకేచోట తెల్లగా పరచుకుని లేస్తుంది. చెదలు బయటికి తెచ్చి పోసిన గూటి పొడి మీద నుంచే అది మొలుస్తుంది కనుక దానికి పొడవాటి వేరు ఉండదు. మా నియమం ప్రకారం దాన్ని పారేయాలి. అవ్వకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గుంపు తీరును బట్టి దాన్ని గుర్తించవచ్చని అమ్మ వాదన. లెపియోటా చిన్న గొడుగులను తలచుకుని నేను ఒప్పుకోలేదు. పోయిన జూలైలో కూడా ఈ విషయం మీద గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మకానికి వద్దన్నంత వరకు ఇద్దరం ఒప్పుకున్నాం. ఇంట్లో వండారో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.